కళాశాలలో కలనగణితము

గోదావరికి వరద వచ్చిన దినములలో డెల్టాలోని ఇంటింటను రేడియో వార్తలను చెవియొగ్గి విందురు. ధవళేశ్వరముకడ నీటిమట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. అక్షరము రాని వృద్ధులకు సైతము ఈ అంకెలు కంఠస్థములు. అయినను మట్టమెంతయో తెలిసినంతమాత్రమున పెద్దలు ఊరకుండరు. "గంటకు ఎంత పెరుగుచున్నది?" అని అడుగుదురు. "పెరుగుచునే యున్నది గాని నిన్నటి జోరు లేదు" అని విన్నచో కొంత కుదుటపడుదురు. "నిలకడగా నున్నది" అను మాటకొరకు లంకగ్రామములవారు రాత్రులు మేల్కొని యుందురు.

ఈ మూడు మాటలను ఎరిగినవారు కలనగణితము యొక్క తలవాకిట నిలిచినట్లే. గంటకు ఎంత పెరుగుచున్నదను ప్రశ్నకు సమాధానమును గణితశాస్త్రజ్ఞులు అవకలజమందురు. ఆ పెరుగుదలలోని జోరు తగ్గినదా హెచ్చినదా యని విచారించుట రెండవ అవకలజము. నిలకడ యనగా అవకలజము సున్న యగుట. నిలకడయైనది గదా యని సామాను సర్దుకొని వెనుకకు పోరాదనియు, ఎగువను శబరినీరు తోడైనచో మరల పెరుగవచ్చుననియు లంకవాసులకు తెలియును. అవకలజము సున్నయైన ప్రతి చోటును గరిష్ఠము కాదని ఉపన్యాసకుడు నల్లబల్లపై వ్రాయుమాట ఇదియే.

ఇట్టి ఇండ్లనుండి కళాశాలకు పోవు పిల్లలు ఆ శాస్త్రము పేరు వినగానే బెదరుచున్నారు. వీరిలో పెక్కండ్రు తమ కుటుంబమున కళాశాల మెట్లెక్కిన మొదటివారు. ఇంటిలో అడిగి తెలిసికొనుటకు ఎవరును లేరు. మొదటి రెండు నెలలలో ఒకటి రెండు పరీక్షలు చెడినంతనే "నాకు లెక్కలు రావు" అని తమకు తామే తీర్పు చెప్పుకొందురు. ఆ తీర్పును బట్టియే చదువును, జీవనోపాధిని మార్చుకొనువారును గలరు. కష్టము ఎచ్చట నున్నదో ముందుగా తెలిసియున్నచో ఈ తీర్పులలో చాలభాగము తప్పియుండునని మా అభిప్రాయము. కష్టమున్న చోటు సాధారణముగా విద్యార్థి అనుకొను చోటు కాదు.

మన రాష్ట్రమున రెండేండ్ల ఇంటర్మీడియట్ చదువు 1969లో వచ్చినది. అంతకు పూర్వము పి.యు.సి. అను ఒక ఏటి చదువుండెడిది. నేడు ఎం.పి.సి. శాఖలో చేరిన విద్యార్థికి మొదటి ఏట అవధులతోను అవకలనముతోను పరిచయమగును. రెండవ ఏట సమాకలనము, అవకల సమీకరణములు వచ్చును. ఆపైన ఇంజనీరింగులో చేరినను, రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాల, కాకినాడ పి.ఆర్. కళాశాల, భీమవరము డి.ఎన్.ఆర్. కళాశాల వంటి చోట్ల బి.ఎస్‌సి. గణితమున చేరినను, ఇదే శాస్త్రము మరికొంత లోతుగా ఎదురగును.

మొదటి పక్షము దినములు అవధులతో గడచును. విద్యార్థికి ఇవి నిష్ప్రయోజనముగా తోచును. ఇది ఎందులకు వచ్చినదో ఒక చిన్న లెక్కతో చూతము. భుజము 3 గజములు గల చదరపు నారుమడి యున్నదనుకొనుడు. వైశాల్యము 9 చదరపు గజములు. భుజమును ఒక గజము పెంచినచో వైశాల్యము 16 అగును, పెరిగినది 7. భుజమును గజములో పదవవంతు మాత్రమే పెంచినచో వైశాల్యము 9.61; పెరిగినది 0.61, అనగా గజమునకు 6.1 వంతున. నూరవవంతు పెంచినచో గజమునకు 6.01 వంతున. పెంపు తగ్గినకొలదియు జవాబు 6ను సమీపించుచున్నది. మరి బొత్తిగా పెంపకున్నచో? సున్నను సున్నచే భాగింపవలసి వచ్చును. అది నిషిద్ధము. కావున 6 అను సంఖ్యను భాగహారముచే నేరుగా పొందలేము. దానిని సమీపించుచు మాత్రమే తెలిసికొందుము. ఈ సమీపించు గమ్యమునకే అవధి యని పేరు.

ఆ 6 ఎచ్చటినుండి వచ్చినదో కంటికి కనబడునట్లు చూడవచ్చును. మడిని రెండు ప్రక్కల కొంచెము పెంచినపుడు ఆ రెండు భుజముల వెంబడి రెండు సన్నని పట్టీలు చేరును; ఒక్కొక్కదాని పొడవు 3 గజములు. మూలను ఒక బుల్లి చదరము మిగులును. పెంపు సన్నగిల్లినకొలది మూలముక్క లెక్కకు రాకుండ పోవును. మిగిలినవి మూడును మూడును, ఆరు. వర్గమునకు అవకలజము భుజమునకు రెండింతలను సూత్రమును ఒకసారి ఇట్లు చూచినవాడు దానిని మరచిపోడు. చూడనివాడు పరీక్షముందు రాత్రి మరల వల్లెవేయవలెను.

సున్నతో భాగింపరాదని చెప్పుచునే చివరకు పెంపును సున్న చేయుట మోసమువలె నున్నదే యని తెలివిగల విద్యార్థికి అనుమానము రావచ్చును. ఆ అనుమానము చాల గౌరవప్రదమైనది. ఇంగ్లండులో న్యూటను, జర్మనీలో లైబ్నిట్జు ఈ శాస్త్రమును పదునేడవ శతాబ్దమున నిర్మించిరి; లైబ్నిట్జు తన మొదటి వ్యాసమును 1684లో ప్రకటించెను. ఐర్లండుకు చెందిన బర్క్లీ అను క్రైస్తవ మతాచార్యుడు సరిగా ఈ అనుమానమునే ఎత్తి 1734లో గణితజ్ఞులను ఎగతాళి చేయుచు ఒక గ్రంథమే వ్రాసెను. తృప్తికరమైన సమాధానమునకు దారి ఫ్రాన్సు దేశీయుడగు కోషీ 1821లో ప్రకటించిన పాఠ్యగ్రంథమున గాని ఏర్పడలేదు. నూట ముప్పది యేండ్లకు పైగా ఐరోపా పండితులను వేధించిన చిక్కు పదునారేండ్ల పిల్లవానికి పదునైదు దినములలో విడిపోకున్న ఆశ్చర్యమేమి? మన దేశమునను ఈ ఆలోచన లేకపోలేదు. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు గ్రహముయొక్క దినగతి వేరు, ఒక క్షణమందలి తాత్కాలిక గతి వేరు అని విడదీసి లెక్కకట్టెను. పదునాల్గవ శతాబ్దమున కేరళమందలి మాధవుడు అనంతశ్రేఢులను సాధించెను.

ఇక అసలు కష్టమునకు వత్తము. కలనగణితపు జవాబుపత్రములలో ఎర్రసిరా పడు తప్పులలో అధికభాగము కలనగణితమునకు చెందినవి కావు; ఎనిమిది, తొమ్మిది తరగతుల బీజగణితమునకు చెందినవి. రెండు రాసుల మొత్తమును వర్గము చేయుమన్న విడివిడిగా వర్గములు చేసి కూడుదురు. 3ను 4ను కూడి వర్గము చేసిన 49. విడివిడిగా వర్గములు చేసి కూడిన 25. అట్లే ఒకటిని 2, 3ల మొత్తముచే భాగించిన ఐదవవంతు వచ్చును. అరయు మూడవవంతును కూడిన ఆరింట ఐదు వచ్చును. అంకెలతో అడిగిన ఈ తప్పు ఎవరును చేయరు. అక్షరములు వచ్చి కూర్చుండగానే చేయుదురు. భిన్నములు, ఘాతములు, కారణాంకములు, త్రికోణమితి సూత్రములు, ఈ నాలుగింటిలో చేయి తిరుగకున్నచో విద్యార్థి కలనగణితపు మెట్టును సరిగానే వేసి, తరువాతి పంక్తిలో జారిపడును. పడినది బీజగణితమున, నింద కలనగణితమునకు! పదవ తరగతి పరీక్షల తరువాతి వేసవి సెలవులలో ఇరువది దినములు, దినమునకొక గంట చొప్పున, ఈ పాత పాఠములను మరల చేసికొన్నచో కలుగు మేలు వేలు పోసి చెప్పించుకొను ప్రత్యేక తరగతులవలన కలుగదని మా నమ్మకము.

అవధులు గడచినపిమ్మట అవకలన సూత్రములు వచ్చును. ఇప్పుడు విద్యార్థికి ఉత్సాహము పుట్టును. ఏలయన ఇది యంత్రమువలె సాగును. దినమునకు ఏబది లెక్కలు చేసి పుస్తకము నింపును. ఈ సుఖము కొంత నమ్మరానిది. వీనిలో గొలుసు నియమమను ఒకదానికడ మాత్రము నిదానింపవలెను. ఒక రాశి రెండవదానిని బట్టియు, రెండవది మూడవదానిని బట్టియు మారునపుడు ఏమగునో అది చెప్పును. డెల్టా రైతునకు ఇది కొత్తగాదు. ప్రధాన కాలువలో నీరు ఒక అంగుళము పెరిగినచో పిల్లకాలువలో అర అంగుళము పెరుగుననియు, పిల్లకాలువలో పెరిగినదానిలో మూడవవంతు పొలము బోదెలో పెరుగుననియు అనుకొందము. ప్రధాన కాలువలో ఒక అంగుళమునకు బోదెలో ఎంత? అరలో మూడవవంతు, అనగా ఆరవవంతు. రేట్లు గుణింపబడినవి. నియమమంతయు ఇంతే. పిల్లకాలువను మరచి ప్రధాన కాలువనుండి బోదెకు ఒక్కసారిగా దుముకుటయే విద్యార్థి చేయు తప్పు.

అటుపిమ్మట అనువర్తనములు. సూత్రములలో నూటికి నూరు తెచ్చుకొన్నవాడు ఇచ్చట అకస్మాత్తుగా నిలిచిపోవును. ఇచ్చట సమీకరణమును ఎవరును వ్రాసి యియ్యరు. మాటలనుండి తానే వ్రాసికొనవలెను. కళ్లములో ధాన్యము రాశిగా పోయుచున్నారు. నిమిషమునకు 10 ఘనపుటడుగుల వంతున పడుచున్నది. రాశి శంకువు ఆకారమున నుండి, దాని ఎత్తు ఎల్లప్పుడును అడుగు వ్యాసార్ధములో సగముగా నుండుననుకొందము. వ్యాసార్ధము 2 అడుగులున్నపుడు రాశి అంచు ఎంత వేగముగా వెలుపలికి జరుగుచున్నది? 4 అడుగులున్నపుడు ఎంత?

లెక్క పట్టకమునుపే ఊహించి చూడుడు. చిన్న రాశి చూచుచుండగనే పెరుగును. పెద్ద రాశిపై ఎంత పోసినను అంచు కదలినట్లు కనబడదు. కావున రెండవ వేగము తక్కువ కావలెను. ఎంత తక్కువ? శంకువు ఘనపరిమాణము వ్యాసార్ధవర్గమును పై చేతను ఎత్తుచేతను గుణించి మూడవవంతు తీసికొనిన వచ్చును. ఎత్తు వ్యాసార్ధములో సగము గనుక, అది వ్యాసార్ధము యొక్క ఘనమును పై చే గుణించినదానిలో ఆరవవంతు. దీనిని కాలమును బట్టి అవకలనము చేసినచో, పడుచున్న ధాన్యపు రేటు, వ్యాసార్ధవర్గమును పై చే గుణించి సగముచేసి అంచువేగముచే గుణించినదానికి సమానమని తేలును. 2 అడుగులకడ అంచు నిమిషమునకు సుమారు 1.6 అడుగుల చొప్పునను, 4 అడుగులకడ సుమారు 0.4 అడుగు చొప్పునను జరుగును. వ్యాసార్ధము రెట్టింపైన వేగము నాలుగవవంతైనది. ఇందులో అవకలనము ఒకే ఒక్క పంక్తి. మిగిలినదంతయు బొమ్మ గీయుట, ఏది మారుచున్నదో ఏది మారుట లేదో గుర్తించుట, ఎత్తును వ్యాసార్ధములోనికి మార్చుట. విద్యార్థి చిక్కుకొనునది ఆ మిగిలిన భాగముననే. బొమ్మ గీయకుండ ఇట్టి లెక్కకు పూనుకొనువాడు చీకటిలో రేవు దాటువానితో సమానుడు.

రెండవ ఏట సమాకలనము వచ్చును. దీని భావము సులభము, పని కష్టము. భావమునకు మరల ధవళేశ్వరమునకే పోదము. 1986 ఆగస్టు వరదలలో అచ్చట ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులను దాటినది. క్యూసెక్కు అనగా సెకండునకు ఒక ఘనపుటడుగు; అది వేగమే గాని నీటి మొత్తము కాదు. మొత్తమును టి.ఎం.సి.లలో చెప్పుదురు, ఒక టి.ఎం.సి. నూరుకోట్ల ఘనపుటడుగులు. 35 లక్షల క్యూసెక్కులు ఒక్క గంట పారినచో 12.6 టి.ఎం.సి.లు సముద్రములో కలియును. ప్రవాహము మారకున్నచో గుణకారము చాలును. కాని వరద మారును గదా! ఉదాహరణకు ఆరేసి గంటలకొకసారి చూచినపుడు 10, 12, 13, 12, 11 లక్షల క్యూసెక్కులుగా నున్నదనుకొనుడు. ప్రతి ఆరుగంటలకును మొదటి, చివరి అంకెల సగటు తీసి, కాలముచే గుణించి, అన్నింటిని కూడవలెను. ఆ దినమునకు సుమారు 102.6 టి.ఎం.సి.లు తేలును, నిండు శ్రీశైలము జలాశయములో దాదాపు సగము. గంటకొకసారి చూచినచో లెక్క మరింత సరిపడును, నిమిషమునకొకసారి చూచినచో ఇంకను సరిపడును. ఈ కూడికయొక్క అవధియే నిశ్చిత సమాకలని. విడివిడిగా తోచు ఈ కూడికయు, మొదటి ఏటి అవకలనమును ఒకదానికొకటి ఎదురుదారులని తెలియుటయే ఈ శాస్త్రమున అన్నిటికంటె గొప్ప విషయము. తరగతిలో ఇది ఒక్క గంటలో గడచిపోవును; ఆనాడు మాత్రము విద్యార్థి గైరుహాజరు కారాదు.

సమాకలనపు జవాబు చివర ఒక స్థిరరాశిని చేర్చవలెను. దానిని మరచినందుకు మార్కు పోయినదని పిల్లలు వాపోవుదురు. "మూడు గంటలలో రెండడుగులు పెరిగినది" అని మాత్రమే విన్నవానికి ఇప్పుడు మట్టమెంతయో తెలియునా? మొదట ఎంత యుండెనో తెలిసిననే గదా! ఆ తెలియని మొదటి మట్టమే ఆ స్థిరరాశి.

పని కష్టమని ఏల అంటిమి? 37ను 53చే గుణింపుమన్న ఎవరైనను 1961 అని చెప్పుదురు. 1961ని ఇచ్చి ఏ రెండు సంఖ్యల లబ్ధమో చెప్పుమన్న వెదకవలెను. అవకలనము మొదటి పనివంటిది, సమాకలనము రెండవదానివంటిది. ఇచ్చట తప్పక గమ్యము చేర్చు ఒకే దారి లేదు; ప్రతిక్షేపణమో, విభాగ పద్ధతియో, పాక్షిక భిన్నములో, ఏది పనిచేయునో ప్రయత్నించియే తెలిసికొనవలెను. రెండు ప్రయత్నములు విఫలమై మూడవది ఫలించుట ఈ పాఠమున మామూలు. చూచుటకు చిన్నవిగా నున్న కొన్ని ప్రమేయములకు మనకు తెలిసిన ప్రమేయములతో వ్రాయదగిన సమాకలని అసలే లేదని ఫ్రాన్సు దేశమున లియూవిల్ అను గణితజ్ఞుడు 1830 ప్రాంతపు దశాబ్దమున నిరూపించెను. ఏ సూత్రమున కే పద్ధతియో పట్టికవేసి కంఠస్థము చేసినవాడు కొత్త లెక్కను చూచి చతికిలబడును. తప్పుదారులు తొక్కి తిరిగి వచ్చుట అలవడినవాడు సాధించును.

డిగ్రీలో వాస్తవ విశ్లేషణ అను పేరుతో ఈ శాస్త్రమే మరల వచ్చును. అచ్చట జవాబు అడుగరు, నిరూపణ అడుగుదురు. "సమీపించుట" అనగా ఎంత సమీపమని నిలదీయుదురు. కాలువలో మట్టము అంగుళమునకు మించి తేడా రాగూడదన్నచో లాకు తలుపు ఎంతవరకు కదల్పవచ్చును? అర అంగుళమన్నచో? ఎంత చిన్న హద్దు పెట్టినను తగిన జవాబు చెప్పగలిగిననే అవిచ్ఛిన్నత. ఇంటర్మీడియట్‌లో లెక్కలు చకచక చేసినవారు కొందరు ఇచ్చట తడబడుదురు. నెమ్మదిగా చేసినవారు కొందరు ఇచ్చట రాణింతురు.

తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన పిల్లలకు భాష మరియొక అడ్డు. పాఠము ఆంగ్లమున సాగుచుండగా "కంటిన్యూయస్", "డిఫరెన్షియబుల్" అను మాటలు చెవినిబడి అర్థముగాక జారిపోవును. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఈ పదములకు అవిచ్ఛిన్నము, అవకలనీయము అని తెలుగుచేసి పాఠ్యగ్రంథములు ప్రకటించినది. ఆంగ్లపుస్తకము ప్రక్కను ఈ గ్రంథమొకటి పెట్టుకొనుట చిన్నతనము కాదు. గణితమును తెలుగున చెప్పుట మనకు వేయేండ్లనాటి ఆచారము. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన పదునొకండవ శతాబ్దమువాడని ప్రసిద్ధి.

ఇంజనీరింగు ప్రవేశపరీక్షను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మూడు గంటలలో 160 ప్రశ్నలు. అందు 80 గణితమునకు చెందినవి. ప్రశ్నకు ఒక నిమిషముపైన కొద్ది సెకండ్లు. సమాకలనము చేయుమని నాలుగు జవాబులిచ్చినపుడు చురుకైన విద్యార్థి సమాకలనము చేయడు. నాలుగింటిని అవకలనము చేసి ఏది సరిపోవునో చూచును. పరీక్షలో ఇది తెలివియే, మేము కాదనము. కాని రెండేండ్లును ఇదే అభ్యసించినవానికి, నాలుగు జవాబులు ఇయ్యని ఇంజనీరింగు మొదటి ఏటి ప్రశ్నపత్రము ముందుకు వచ్చిననాడు తాను సమాకలనము నేర్వలేదని తెలియవచ్చును. ఇంటికడ చేయునపుడు జవాబులను కాగితముతో కప్పి చేయుట మంచిది. సాధించిన లెక్కను కథవలె చదువుటయు అభ్యాసము కాదు. చదివి, పుస్తకము మూసి, తెల్లకాగితముపై మొదటినుండి చేయవలెను. తరగతిలో ఒక గంటకు ఇంటికడ గంటన్నర ఇట్లు గడచిన చాలును.

గణితము రాని తలిదండ్రులును ఇందు సాయపడవచ్చును. పిల్లవాడు లెక్కముందు పెన్సిలు కొరుకుచు కూర్చున్నపుడు ప్రక్కను కూర్చుండి మూడు ప్రశ్నలడుగుడు: ఇందులో మారుచున్నది ఏది? అది దేనిని బట్టి మారుచున్నది? జవాబు పెద్దదిగా రావలెనా, చిన్నదిగా రావలెనా? మీకు సమాధానము అర్థము కానక్కరలేదు. మీకు చెప్పబోవుచు వాడు బొమ్మ గీయుటకు కాగితము తీయును.